శుద్ధప్రతి

ఆఫీసులో ఆవిడను అందరూ టైపక్కయ్య అంటారు. చేరిన కొత్తలో టైపమ్మాయి అనేవారు. పదేళ్ళకు అక్కయ్య అయింది. మొన్నామధ్య చేరిన గుమాస్తా ఒకాయన "పిన్నిగారూ" అనేసి నాలుక కరుచుకున్నాడు. పిలుపు మెట్టు మెట్టుగా పైకెక్కుతోంది కానీ ఆవిడ కుర్చీ మాత్రం పాతికేళ్ళుగా ఆ కిటికీ పక్కనే ఉంది. ఒక కాలు పొట్టిదని కింద మడిచి పెట్టిన అట్టముక్క కూడా పాతికేళ్ళనాటిదే.

అది ఇంటి తగాదాలు వినే ఆఫీసు. మొగుడూ పెళ్ళాలు, అన్నదమ్ములు, అత్తాకోడళ్ళు, ఎవరైనా సరే కోర్టు గడప ఎక్కే ముందు ఇక్కడికి రావాలి. ఒక్కొక్కరినీ విడిగా లోపలి గదిలో కూర్చోబెట్టి అధికారి ప్రశ్నలు అడుగుతారు. మాటలన్నీ రికార్డవుతాయి. ఆ రికార్డు పక్కగదిలో ఉన్న టైపక్కయ్య చేతికి వస్తుంది. ఆవిడ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కుడికాలి కింద ఉన్న పెడల్ తొక్కితే మాట నడుస్తుంది, కాలు తీస్తే ఆగుతుంది. అలా తొక్కుతూ వదులుతూ విన్నది కాగితం మీద పెడుతుంది. దాన్ని శుద్ధప్రతి అంటారు. మాట ఇచ్చినవాళ్ళు అది చదువుకుని సంతకం పెట్టాక ఇక అదే వాళ్ళ మాట. రికార్డు మళ్ళీ ఎవరూ వినరు.

శుద్ధి చేయడం నేర్పింది అప్పటి సూపరింటెండెంటుగారు. మనిషి లావు, గొంతు సన్నం. మొదటిరోజే ఆవిడ బల్లకు ఎదురుగా గోడమీద ఒక కాగితం అంటించారు. పైన 'తీసేయవలసినవి' అని రాసి, కింద వరసగా ఒక జాబితా: అంటే, అదీ, మరి, ఏదో, అలా, ఏముంది, ఊరికే, అదేదో, చూద్దాం, ఏం లేదు, లెండి. అట్టడుగున మరో ముక్క: అర్ధంతరంగా ఆగిపోయిన వాక్యాలు కూడా.

"జనం మాట్లాడేదంతా ఊకదంపుడమ్మా" అనేవారు ఆయన. "గంట మాట్లాడితే గుప్పెడు గింజలు ఉంటాయి. మన పని చెరగడం. ఊక ఎగరగొట్టి గింజలు ఇవ్వాలి." ఈ నాలుగు మాటలూ చెప్పడానికి ఆయనకు పావుగంట పట్టేది. మధ్యలో పది మరులు, ఇరవై అంటేలు దొర్లేవి. గురువుగారి ఊక ఎంచడం మర్యాద కాదు కనుక ఆవిడ ఎంచలేదు.

ఆయన పెట్టిన నియమం ఇంకొకటి ఉంది. ప్రతి కాగితం అడుగున ఎడమపక్క మూలలో టైపు చేసినవాళ్ళు తమ పేరు, ఇంటిపేరు తాలూకు పొడి అక్షరాలు రెండు వేయాలి. రేపు ఏదైనా పొరపాటు బయటపడితే ఎవరి చేతిదో వెతుక్కోనక్కర్లేకుండా. ఆ రెండు అక్షరాలు ఎంత చిన్నవంటే, పనిగట్టుకుని చూస్తే తప్ప కనపడవు.

నాలుగేళ్ళలో టైపక్కయ్య చెయ్యి తిరిగిపోయింది. మొదట్లో 'అంటే' అన్న మాట చెవిన పడగానే వేలు ఆపుకోవలసి వచ్చేది. తరవాత వేలు తనంతట తానే ఆగేది. ఆ తరవాత ఆ మాట చెవిన పడడమే మానేసింది. తనతో పాటు చేరినవాళ్ళు ఒక వాక్యాన్ని మూడుసార్లు వెనక్కి తిప్పి వింటుంటే, ఆవిడ ఒక్కసారికే కొట్టివేత లేని ప్రతి చేతిలో పెట్టేది. సూపరింటెండెంటుగారు ఆ కాగితాన్ని వెలుగుకు పట్టి చూసి, "గింజలమ్మా, గింజలు" అనేవారు.

పనిలో పట్టుబడిన అలవాటు పనిలోనే ఉండిపోతుందా? ఇంటికి కూడా వచ్చింది. ఎదురింటావిడ మెట్లమీద కనిపించి "ఏంటి సంగతులు?" అంటే, టైపక్కయ్య నిజంగా ఆలోచించి "సంగతులేం లేవండీ" అని చెప్పి తలుపు వేసుకునేది. కూరల కొట్టాయన "ఏదో మీ దయ" అంటే "నా దయేముంది?" అనేది. లోకంలో సగం స్నేహాలు పనికిరాని మాటల మీదే నడుస్తాయి. ఏంటి విశేషాలు అంటే ఏముంది అలా నడుస్తోంది అనాలి, మరి పిల్లలెలా ఉన్నారు అంటే ఏదో ఉన్నారు అనాలి. అలా గుమ్మంలో నిలబడి పది రోజులు పావుగంట చొప్పున ఏమీ చెప్పుకోకుండా మాట్లాడుకుంటేనే, పదకొండో రోజున నిజంగా ఏదైనా చెప్పుకోవడానికి ధైర్యం వస్తుంది. ఆవిడ పది రోజులూ కొట్టేసింది. పదకొండో రోజు రాలేదు. "ఆవిడ మాట కొలిచి పోస్తుంది" అని మేడలో అందరూ అనుకుని ఊరుకున్నారు. ఇప్పుడు మూడో అంతస్తులో ఆవిడ గదిలో ఒక కుర్చీ, ఒక మంచం, ఒక రేడియో ఉన్నాయి. రెండో కుర్చీ కూడా ఉండేది. కూర్చునేవాళ్ళు లేక దానిమీద ఉతికిన బట్టలు పెట్టడం మొదలుపెట్టింది.

ఒకప్పుడు ఆ కుర్చీలో ఆవిడ మొగుడు కూర్చునేవాడు.

ఆయన లిఫ్టు మెకానిక్. పెద్ద మేడల్లో రెండు అంతస్తుల మధ్య ఇరుక్కుపోయిన లిఫ్టులను కదిలించడం ఆయన పని. లోపల చిక్కుకున్నవాళ్ళు బెంబేలెత్తిపోకుండా తలుపు ఇవతలి నుంచి మాట్లాడుతూ ఉండడం కూడా పనిలో భాగమే. "ఏం లేదండీ... అదీ... అంటే అయిపోవచ్చింది... మరి మీరు కూర్చోండి ఊరికే..." అంటూ ఆయన సాగదీస్తుంటే లోపలివాళ్ళు కుదుటపడేవారట. ఏడుస్తున్న ఒక ముసలావిడ ఆ మాటలు వింటూ నిద్రపోయిందని తోటి మెకానిక్కులు కథగా చెప్పుకునేవారు. అక్కడ పనికొచ్చిన మాటే ఇంట్లో కొంప ముంచింది.

ఏది అడిగినా ఆయన నీళ్ళు నమిలేవాడు. "బజారుకు వెళ్దామా?" అంటే "అంటే... మరి... నీకు ఎలా ఉంటే అలా." "చొక్కా నచ్చిందా?" అంటే "ఆ... అదీ... ఏముంది." మొదట్లో ఆవిడకు అది ముద్దుగానే ఉండేది. "మీ అంటేలన్నీ ఏరి మూటగట్టి లిఫ్టులో పెడితే లిఫ్టు లేవదు తెలుసా" అని ఏడిపించేది. ఆయన నవ్వేవాడు. ఆఫీసులో చేరి ఏడాది తిరిగేసరికి హాస్యం కాస్తా అదిలింపు అయింది. "విషయం చెప్పండి" అనేది. ఆ మాట అనగానే ఆయన బెల్లం కొట్టిన రాయిలా ఊరుకునేవాడు.

తరవాత కంపెనీవాళ్ళు ఆయనను రెండు రైళ్ళు మారి వెళ్ళవలసిన ఊరికి బదిలీ చేశారు. సామాను సర్దుతుంటే ఆవిడ సూటిగా అడిగింది.

"నన్ను రమ్మంటారా, ఇక్కడే ఉండమంటారా?"

"అంటే... మరి నీ ఉద్యోగం... అదీ... నీ ఇష్టం."

"నా ఇష్టం సరే, మీ ఇష్టం ఏంటి?"

"నాదేముంది."

మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ అదే జవాబు. నీ ఇష్టం అన్న మనిషికి తనంటూ ఏ ఇష్టమూ లేదని ఆవిడ తీర్మానించుకుంది. ఆయన వెళ్ళిపోయాడు. మొదట నెలకోసారి వచ్చేవాడు, తరవాత రెండు నెలలకోసారి. వచ్చినప్పుడు ఇంట్లో కుళాయిలు, స్విచ్చులు బాగుచేసి, ఏదో చెప్పబోయి ఆగిపోయి, సాయంత్రం రైలుకు వెళ్ళేవాడు. రెండేళ్ళు అలా గడిచాక ఒకరోజు ఆవిడే అంది, పేచీ లేకుండా విడిపోదామని. ఆయన చేతిలో స్క్రూడ్రైవరు ఉంది. దాన్ని తిప్పుతూ, "ఆ... మరి... నీ ఇష్టం" అన్నాడు.

ఆ చుట్టుపక్కలకంతా ఆఫీసు అదొక్కటే. కనుక వాళ్ళ ఫైలు కూడా అక్కడికే రావలసి వచ్చింది. ముందు ఆవిడ మాట రికార్డు చేశారు, తరవాత ఆయన మాట. ఆ వారం రెండో టైపిస్టు సెలవులో ఉంది. సూపరింటెండెంటుగారు ఆయన కేసెట్టు చేతిలో పట్టుకుని కాసేపు అటూ ఇటూ తిరిగారు.

"ఇది... మరి... నువ్వు చేయగలవా అమ్మా? లేకపోతే వచ్చే వారం దాకా ఆపుదాం."

"పనేగా సార్" అంది ఆవిడ.

అందరూ చూస్తున్నారని ఆవిడకు తెలుసు. ఏడుస్తుందేమోనని చూస్తున్నారు. అందుకే ఆ రోజు మామూలుకంటే నిటారుగా కూర్చుంది, పెడల్ మీద కాలు ఒక్కసారి కూడా తడబడకుండా చేసింది. ఒక్క కొట్టివేత లేదు. కాగితం బయటికి వచ్చాక, వేరే ఎవరిదో చదివినట్టు చదివింది. అధికారి ప్రశ్నకు ఆయన జవాబు రెండు వాక్యాలు: 'విడిపోవడం నాకు సమ్మతమే. అభ్యంతరం లేదు.' అడుగున ఎడమపక్క మూలలో తన రెండు అక్షరాలు వేసి లోపలికి పంపింది.

అద్దం అడ్డుగోడలోంచి ఆయన కనపడుతూనే ఉన్నాడు. కాగితం చదివాడు. అడుగుదాకా వచ్చి అక్కడ చాలాసేపు ఆగాడు. సంతకం ఎక్కడ పెట్టాలో తెలియక చూస్తున్నాడు కాబోలు అనుకుంది. తలెత్తి అద్దం వైపు ఒకసారి చూశాడు. తరవాత పెన్ను తీసి సంతకం పెట్టాడు.

ఆ రెండు వాక్యాలతోనే టైపక్కయ్య ఇరవై ఒక్క ఏళ్ళు కాపురం చేసింది. ఏడేళ్ళు తన మొగుడిగా ఉన్న మనిషి, వదులుకోవడానికి ఒక 'కానీ' కూడా అడ్డం పెట్టలేదు. దుఃఖం వచ్చినప్పుడల్లా ఆ వాక్యాలు గుర్తు తెచ్చుకునేది. అంత పొడిగా అన్నవాడి కోసం ఏడవడమేమిటని కళ్ళు తుడుచుకునేది. ఒక విధంగా అవే ఆవిడను నిలబెట్టాయి.

కిందటేడు ఆఫీసుకు కొత్త మేడమ్ వచ్చింది. వయసు చిన్నది, పట్టు పెద్దది. ఆవిడ వచ్చిన మూడో నెలలో ఒక గొడవ జరిగింది. ఒక అమ్మమ్మ, తాను పెంచుతున్న మనవరాలిని అవతలివాళ్ళకు ఇవ్వడానికి ఒప్పుకున్నట్టు శుద్ధప్రతిలో ఉంది. నేనెప్పుడు ఒప్పుకున్నానని ఆమె ఆఫీసు మెట్లమీద కూర్చుంది. పైఆఫీసు వాళ్ళు రికార్డు తెప్పించుకుని విన్నారు. ఆమె అన్నది "ఆ... ఏముంది... మీరంతా ఒకటై అన్నాక... మరి నేను... ఏదో..." అని. అక్కడినుంచి ఏడుపు. కాగితం మీద మాత్రం 'నాకు అభ్యంతరం లేదు' అని ఉంది. టైపక్కయ్య ముందుగా ఆ కాగితం అడుగున చూసింది. అక్షరాలు తనవి కావు, రిటైరైపోయిన రెండో టైపిస్టువి. ఊపిరి పీల్చుకుంది.

మేడమ్ గోడమీది పాత కాగితం పీకేసింది. ఇకనుంచి ఏ మాటా తీసేయకూడదు. దగ్గు, నిట్టూర్పు కూడా రాయాలి. ఆగితే ఎన్ని సెకన్లు ఆగారో కుండలీకరణంలో వేయాలి. అంతేకాదు, పాత కేసెట్లన్నీ పాడైపోకముందే కంప్యూటరులోకి ఎక్కిస్తూ, ఒక్కొక్కటీ విని, పాత ప్రతితో పోల్చి మళ్ళీ టైపు చేయాలి. అందుకోసం ఒక రిజిస్టరు తెరిచారు. అందులో చివరి గడి పేరు 'పాత ప్రతిలో రానివి'.

"ఊకంతా మళ్ళీ ఎత్తుకొచ్చి చేటలో పోయమంటున్నారు" అని టైపక్కయ్య గొణుక్కుంది. పైకి మాత్రం "అలాగే మేడమ్" అంది.

కష్టంగానే ఉండేది. చెవి వదిలేసిన మాటలను బతిమాలి వెనక్కి పిలవాలి. ఒక్కో వాక్యం నాలుగుసార్లు వెనక్కి తిప్పవలసి వచ్చేది. మెల్లగా ఆ మాటలు మళ్ళీ వినపడసాగాయి. వినపడేకొద్దీ ఆవిడకు ఒక సంగతి తెలిసొచ్చింది. తేలిక మాట ముందు ఎవరూ 'అంటే' అనరు. పేరు చెప్పేటప్పుడు అనరు, ఇంటి నంబరు చెప్పేటప్పుడు అనరు. కొట్టాడా అని అడిగినప్పుడు అంటారు. ఇంకా ఇష్టమేనా అని అడిగినప్పుడు అంటారు. బరువు ఎత్తబోయేవాడు ఒకసారి చేతులు దులుపుకున్నట్టు, ఎత్తలేని మాట ముందు మనిషి అక్కడ కాస్త ఆగుతాడు. అయినా రిజిస్టరులో చివరి గడిలో ఆవిడ రోజూ ఒకటే రాసేది: 'చెప్పుకోదగ్గవి లేవు.'

ఒక గురువారం మధ్యాహ్నం అట్టపెట్టెలోంచి తీసిన కేసెట్టు మీద తన ఫైలు నంబరు ఉంది. అది వస్తుందని తెలుసు. వరసలో ఎప్పుడో ఒకప్పుడు రాక తప్పదు. పక్కన పెట్టేద్దామనుకుంది. "పనేగా" అని తనకు తానే చెప్పుకుని కేసెట్టు పెట్టి, పెడల్ తొక్కింది.

ముందు ప్రశ్న వినిపించింది. విడిపోవడం మీకు సమ్మతమేనా?

"అంటే..." ఆయన గొంతు. ఇరవై ఒక్క ఏళ్ళ తరవాత. ఆవిడ కాలు దానంతట అదే పెడల్ మీంచి లేచిపోయింది. మళ్ళీ తొక్కింది.

"అంటే... (నాలుగు సెకన్లు) అదీ... మరి తను అడిగింది కదా. తను అడిగాక... ఏముంది... అంటే... నాతో ఉండమని... (తొమ్మిది సెకన్లు) ఏం లేదులెండి."

మీకేమైనా అభ్యంతరం ఉంటే చెప్పండి.

"అభ్యంతరమా... అభ్యంతరం అంటే... ఏదో... మరి నాకు చెప్పడం సరిగ్గా... (కుర్చీ చప్పుడు) లేదులెండి."

సమ్మతమే, అభ్యంతరం లేదు అని రాసుకోమంటారా?

"ఆ... సరే. అలాగే రాసుకోండి."

టైపక్కయ్య వెనక్కి తిప్పి విన్నది. మళ్ళీ తిప్పింది. నాతో ఉండమని. వాక్యం సగంలో ఆగింది. అర్ధంతరంగా ఆగిన వాక్యాలు తీసేయాలి. ఏం లేదులెండి అన్నాడు. అదీ తీసేయాలి. ఆ రోజు ఆవిడ నియమం ఒక్కటి కూడా తప్పలేదు. ఆ రెండు మాటలూ ఈ చెవుల్లోంచే వెళ్ళాయి, ఈ వేళ్ళే ఆగాయి, అయినా విన్న గుర్తు లేదు. ఎంత తవ్వుకున్నా గుర్తు లేదు. హెడ్‌ఫోన్లు తీయకుండానే ఏడ్చింది. వెనక బల్లల వాళ్ళకు మామూలుగా పనిచేస్తున్నట్టే కనపడి ఉంటుంది.

తిరిగి కలవాలన్న ఆశ ఆవిడకు రాలేదు. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడని ఎప్పుడో చూచాయగా తెలుసు. ఒక్కటే చెప్పాలనిపించింది: నేను అప్పుడు వినలేదు, ఇప్పుడు విన్నాను. అంతవరకు చెప్పకపోతే తినే తిండి ఒంటబట్టదనిపించింది.

ఆయన చెల్లెలు ఈ ఊళ్ళోనే మందుల షాపు నడుపుతుంది. బంధుత్వం తెగినా ఆవిడ 'వదినా' అనడం మానలేదు. తలనొప్పి బిళ్ళలకు వెళ్ళినప్పుడల్లా టైపక్కయ్య మర్యాదకు "మీ అన్నయ్య వాళ్ళు ఎలా ఉన్నారు?" అంటుంది, ఆ చెల్లెలు "ఆ... ఏదో... అలా ఉన్నారు వదినా" అంటుంది. బిళ్ళలు చేతికి రాగానే టైపక్కయ్య వెళ్ళిపోతుంది. ఆ శనివారం సాయంత్రం మాత్రం అలా వెళ్ళిపోలేదు.

"మీ అన్నయ్య నంబరు కావాలి."

"అన్నయ్యదా... ఆ... అంటే వదినా... మరి..."

మామూలుగా అయితే ఇక్కడ విషయం చెప్పు అనేది. ఆవిడ గాజుబల్ల మీద చేతులు పెట్టుకుని ఊరికే నిలబడింది. చెల్లెలు మందుల డబ్బాలు రెండు అటుదిటు సర్ది, ఇటుది అటు సర్ది, అప్పుడు నోరు విప్పింది.

"పాప ఉంది కదా వాళ్ళకి. తొమ్మిదో క్లాసు. నీకు చెప్పాలంటే ఏదోలా ఉండేది."

"మంచిదేగా. ఎప్పుడు చేసుకున్నారు పెళ్ళి?"

"ఐదేళ్ళు ఊరికే ఉన్నాడు వదినా. ఎవరు చెప్పినా వినలేదు. తరవాత... మరి... చేసుకున్నాడు."

ఆ 'ఊరికే'లో ఐదేళ్ళున్నాయి. టైపక్కయ్య నంబరు రాసిన చీటీ మడిచి పర్సులో పెట్టుకుంది. బిళ్ళలు తీసుకోవడం మరిచిపోయింది.

ఆదివారం పొద్దున పదకొండింటికి, బట్టలు మంచం మీదికి మార్చి, ఆ రెండో కుర్చీలో కూర్చుంది. చెప్పవలసింది ముందే కాగితం మీద రాసి పెట్టుకుంది. మూడు వాక్యాలు. 'మీ రికార్డు మళ్ళీ విన్నాను. ఆ రోజు నేను అది వినలేదు. నన్ను క్షమించండి.' పాతికేళ్ళ చేతివాటం కదా, ఒక్క ఊతపదం లేదు. పదిసార్లు చదువుకుని నంబరు నొక్కింది.

"హలో" అన్నాడాయన. వెనకాల ఎవరో అమ్మాయి పాఠం పైకి చదువుతోంది.

"అంటే..." అంది టైపక్కయ్య.

తన నోటినుంచి ఆ మాట వినడం తనకే వింతగా ఉంది. కాగితం ఒళ్ళోనే ఉంది. అక్షరాలు కనపడుతూనే ఉన్నాయి.

"నేను... అదీ... ఏం లేదు, ఊరికే చేశాను."

అవతల పాఠం ఆగింది. తలుపు మూసిన చప్పుడయింది.

"నువ్వా" అన్నాడు. "ఆ... మరి... బాగున్నావా?"

"ఏదో... అలా... మీరు?"

"ఆ... ఏముంది. అలాగే."

ఎదురింటావిడ వింటే ముచ్చటపడి ఉండేది. టైపక్కయ్య నోట ఇన్ని పనికిరాని మాటలు ఆ మేడలో ఎవరూ విని ఉండరు.

"మా ఆఫీసులో... అంటే... పాత కేసెట్లు మళ్ళీ వింటున్నామండీ. అన్నీ. వరసగా. మరి... మొన్న గురువారం..." అని ఆగిపోయింది.

అలవాటు కొద్దీ ఆవిడ లెక్కపెట్టింది. పదకొండు సెకన్లు.

"కాగితం కింద నీ అక్షరాలు చూశాను" అన్నాడాయన. గొంతు మెల్లగా ఉంది, ఎక్కడా తడబడలేదు. "నువ్వే విన్నావని అర్థమైంది. విని తీసేశావు. అదే నీ జవాబు అనుకుని సంతకం పెట్టాను."

జీవితంలో ఆయన ఆవిడతో ఒక్క 'అంటే' లేకుండా మాట్లాడింది ఆ నాలుగు వాక్యాలే. తీసేయడానికి అందులో ఏమీ లేదు.

"నేను వినలేదండీ" అందామనుకుంది. వినడమే పనిగా బతికిన మనిషి, చెవులకు తగిలించుకుని మరీ విన్న మనిషి, వినలేదంటే ఎవరు నమ్ముతారు? అద్దంలోంచి ఆయన తలెత్తి చూసిన చూపు గుర్తుకొచ్చింది. అడుగున అంతసేపు ఆగింది సంతకం చోటు కోసం కాదు.

"అది... రూలండీ" అంది చివరికి. "సగంలో ఆగినవి... తీసేయాలి... అంటే... నేను..."

"ఆ. సరేలే."

"నేను... అలా..."

"సరేలే" అన్నాడు మళ్ళీ, ఇరుక్కుపోయిన లిఫ్టు తలుపుకు ఇవతల నుంచి అన్నట్టు. "ఏం లేదులే. ఇప్పుడేముంది." లోపలి నుంచి "నాన్నా" అన్న పిలుపు వినిపించింది. "ఉంటాను మరి."

"ఆ" అంది టైపక్కయ్య.

ఫోను పెట్టేశాక కూడా ఆ కుర్చీలోనే కూర్చుంది. కిటికీ ఎండ గోడమీంచి నేలమీదికి, నేలమీంచి మంచం మీది బట్టల మీదికి పాకింది. రేడియో పెట్టుకోలేదు. ఒళ్ళోని కాగితాన్ని చించలేదు, దాచుకోలేదు. మధ్యాహ్నం దాటాక లేచి, మూడు వాక్యాలనూ ఒకసారి పైకి చదివింది. గదిలో ఎవరూ లేరు కనుక ఎక్కడా తడబడలేదు.

సోమవారం పొద్దున అందరికంటే ముందు ఆఫీసుకు వెళ్ళింది. ఆ కేసెట్టు మొదటినుంచి చివరిదాకా టైపు చేసింది. అంటేలు, మరులు, అదీలు అన్నీ వేసింది. కుర్చీ చప్పుడు వేసింది. నాలుగు సెకన్లు, తొమ్మిది సెకన్లు వేసింది. కొత్త కాగితం కింద ఎడమపక్క మూలలో తన రెండు అక్షరాలు వేసి, రిజిస్టరు తెరిచింది. 'పాత ప్రతిలో రానివి' అన్న గడిలో పైనుంచి కిందిదాకా తన చేతిరాతే. చెప్పుకోదగ్గవి లేవు, చెప్పుకోదగ్గవి లేవు. వాటి కింద రెండు మాటలు రాసింది: నాతో ఉండమని.

పదింటికి మేడమ్ వచ్చి రిజిస్టరు తిరగేస్తూ ఆ గడి దగ్గర ఆగింది.

"ఇదేంటి అక్కయ్యా? ఇంత మాట ఎలా వదిలేశారు?" అంది. పాత ఫైలు చేతిలోకి తీసుకుని కాగితాలు తిప్పసాగింది. "పాపం, ఎవరో ఏమో. ఇది అప్పుడు టైపు చేసింది ఎవరు?"

టైపక్కయ్య హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టింది.

"కింద ఎడమపక్క చూడండి మేడమ్" అంది. "పొడి అక్షరాలు ఉంటాయి."